బోన్‌విల్ హేచరీలో ఒక వేసవి రోజు

కైకలూరు దగ్గర పాతికేళ్లు చేపల చెరువులు చేసిన మా నాన్నగారికి జలపాతాలకన్నా చేపలను చూడడమే ఇష్టం. అందుకే అమ్మా నాన్నగారు వేసవికి మా దగ్గరకు వచ్చినప్పుడు, జూన్ నెలాఖరు శనివారం నాడు, అమెరికాలోని ఒరెగాన్‌లో ఉన్న బోన్‌విల్ హేచరీకి, అంటే చేపపిల్లలను పుట్టించి పెంచే కేంద్రానికి, బయలుదేరాము. బీవర్టన్‌లోని మా ఇంటి నుంచి కొలంబియా నది వెంబడి గంటకు కాస్త పైగా ప్రయాణం. ప్రవేశానికి గాని పార్కింగుకు గాని రుసుము లేదు. నడిచే దారులు చదునుగా ఉండడంతో మోకాళ్ల నొప్పులున్న అమ్మ కూడా ఇబ్బంది పడలేదు.

1909లో కట్టిన ఈ కేంద్రంలో, శరదృతువులో సముద్రం నుంచి ఎదురీది వచ్చే సాల్మన్ల గుడ్లు తీసి, పొదిగించి, పిల్లలను పొడవాటి సిమెంటు తొట్లలో పెంచి నదిలోకి వదులుతారు. వదిలే ముందు వీపు మీద తోకకు దగ్గరగా ఉండే చిన్న మెత్తని రెక్కను కత్తిరిస్తారు. ఆ గుర్తును బట్టే వేటగాళ్లు హేచరీ చేపను, నదిలో సహజంగా పుట్టిన చేపను వేరుగా పోల్చుకుంటారు. బొచ్చె, శీలావతి పిల్లలను కొని తెచ్చి, చిల్లులు పెట్టిన తవుడు సంచులు వేలాడదీసి పెంచడం తెలిసిన నాన్నగారు, ఇన్ని లక్షల పిల్లలను మేపి సముద్రానికి అప్పగించే ఈ పద్ధతిని చూసి ఆ తొట్ల దగ్గరే చాలాసేపు నిలబడిపోయారు.

మా పిల్లలను కదలనివ్వనిది మాత్రం హెర్మన్ అనే స్టర్జన్ చేప. 10 అడుగులకు మించిన పొడవు, సుమారు 500 పౌన్ల బరువు, 80 ఏళ్లు పైబడిన వయస్సు. చెరువు లోపలికి చూసే పెద్ద అద్దానికి ఆనుకుని అది నెమ్మదిగా సాగిపోతుంటే, పొలుసులకు బదులు వీపు మీద వరుసగా ఉన్న ఎముక పలకలు, మూతి కింద వేలాడే నాలుగు మీసాలు స్పష్టంగా కనిపించాయి. మా ఏడేళ్ల అబ్బాయి అద్దం మీద అరచెయ్యి ఆనించి, అది మళ్లీ తిరిగి వచ్చేవరకు తియ్యలేదు. ట్రౌట్ చెరువుల దగ్గర మేత యంత్రాలు నాణేలతోనే పనిచేస్తాయి కాబట్టి చిల్లర తప్పకుండా పట్టుకెళ్లండి.

వేసవిలో వెళ్లేవారు ఒక సంగతి తెలుసుకోవాలి: గుడ్లు తీసే పని ఈ కాలంలో కనిపించదు. ఆ లోటు తీర్చేది పక్కనే ఉన్న ఆనకట్ట. బ్రాడ్‌ఫర్డ్ ద్వీపంలోని సందర్శకుల కేంద్రంలో కింది అంతస్తు అద్దాల నుంచి చూస్తే, చేపల కోసం కట్టిన మెట్ల కాలువలో సాకై సాల్మన్లు, షాడ్ చేపలు ప్రవాహానికి ఎదురు కొట్టుకుంటూ పోతుంటాయి. షాడ్‌ను చూడగానే నాన్నగారు, "ఇది అచ్చం మన పులసలా ఉందే!" అన్నారు. ఆయన మాట నిజమే, రెండూ చుట్టాలే. సముద్రంలో ఇలసగా ఉండి గోదావరి ఎర్రనీటిలోకి వచ్చాక పులసయ్యే చేప ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుందని, ఇక్కడ చేపకు దారి విడిచి ఆనకట్ట కట్టారని ఆయన పిల్లలకు చెబుతుంటే పక్కనే నిలబడి నేనూ విన్నాను. నా దృష్టిలో ఈ ప్రయాణానికి ఆ అరగంటే ప్రాణం. హేచరీకి రెండు గంటలు కేటాయిస్తే, ఆనకట్టకు కనీసం గంటన్నర ఉంచుకోండి.

భోజనం విషయంలో మేము పొరపాటు చేశాము. దారిలో ఒక హోటల్‌లో ముప్పావుగంట కూర్చోబెట్టి, శాకాహారమని చెప్పిన పళ్లెంలో మాంసం ముక్కలు వచ్చేసరికి అమ్మ మంచినీళ్లతో సరిపెట్టుకుంది. పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళితే హేచరీ చెట్ల నీడలోనే హాయిగా తినవచ్చు. తిరుగుదారిలో మల్ట్నోమా జలపాతం చూడాలనుకుంటే, వేసవిలో హైవే పక్క పార్కింగుకు ముందే ఆన్‌లైన్‌లో సమయం తీసుకోవాలి. మేము తీసుకోలేదు, కాబట్టి కారులోంచే చూసి వచ్చేశాము.

నాన్నగారు ఆగస్టులో ఊరికి వెళ్లిపోతారు. అక్టోబరులో గుడ్లు తీసేటప్పుడు వీడియో కాల్ చేసి చూపించమని మనవడికి ఇప్పటికే రెండుసార్లు చెప్పారు.