హైదరాబాద్ నుంచి బెంగళూరుకి సొంత కారా, రాత్రి బస్సా?

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ జాతీయ రహదారిలో మనవాళ్లు తెగ తిరిగేది ఈ 570 కిలోమీటర్ల ముక్క మీదే.

ఖర్చు: కారుకి పెట్రోలు, టోల్ ఒక్కరెక్కినా నలుగురెక్కినా ఒకటే, కాబట్టి ఒంటరిగా పోతే దండగ. బస్సుకి తలా ఒక టికెట్, పండగలప్పుడు ప్రైవేటు రేట్లు చుక్కలు చూపిస్తాయి.

శ్రమ: కారైతే తొమ్మిది పది గంటలు స్టీరింగ్ పట్టుకోవాలి, కానీ తెల్లారగానే బయల్దేరితే బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర, ఆ తర్వాత గుత్తి కోట చూసుకుంటూ పోవచ్చు. బస్సులో పడుకోవడమే.

ప్రమాదం: 2013లో పాలెం దగ్గర, 2025లో కర్నూలు దగ్గర బస్సులు తగలబడింది ఈ దారిలోనే, రెండూ తెల్లవారుజామునే. అందుకే బస్సెక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూడండి, ఇందులో మొహమాటం వద్దు. కారులోనూ రాత్రి నడపకండి, లైట్లు లేకుండా పక్కన ఆపిన లారీలు దగ్గరికెళ్లేదాకా కనబడవు. దారిలో ఇబ్బందైతే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి.

పిల్లలు, పెద్దవాళ్లు, సామాను ఉండి, నడిపేవాళ్లు ఇద్దరుంటే పగటిపూట కారు. ఒక్కరే ఉండి, పొద్దున్నే ఆఫీసుకో ఇంటర్వ్యూకో వెళ్లాలంటే బస్సు.