రేటు ఎక్కువైతే మేలా, డబ్బు త్వరగా వస్తే మేలా? బ్రిటన్‌లో కాంట్రాక్టర్లు ఏజెన్సీని అడగాల్సిన లెక్కలు

స్పాన్సర్‌షిప్ వీసా మీద ఉన్నంతకాలం కాంట్రాక్టింగ్ (ఏజెన్సీ ద్వారా క్లయింట్ కంపెనీకి రోజు రేటు మీద పనిచేయడం) ఊసెత్తడానికి లేదు. ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చాక మాత్రం లండన్, రెడింగ్, మిల్టన్ కీన్స్ వైపు ఉండే మన సాఫ్ట్‌వేర్ వాళ్లలో చాలామంది దాని గురించే ఆరా తీస్తారు. ఎవరిని కదిలించినా మొదటి ప్రశ్న డే రేటు ఎంత అనే. రిక్రూటర్లకు కూడా ఆ ప్రశ్నకి జవాబు చెప్పడమే తేలిక. నా దృష్టిలో అంతకంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. డబ్బు ఎన్ని రోజులకి వస్తుంది? ఏ షరతు మీద వస్తుంది?

ఒకే రకం పనికి రెండు ఏజెన్సీల నుంచి ఆఫర్లు వచ్చాయనుకుందాం. మొదటిది రోజుకి 500 పౌండ్లు. టైమ్‌షీట్ (పనిచేసిన రోజుల లెక్క) వారం వారం, వారం ముగిసిన 7 రోజుల్లో డబ్బు. రెండోది 520 పౌండ్లు. నెలాఖరున ఇన్వాయిస్, అక్కడి నుంచి 30 రోజులు గడువు. చూడగానే రెండోదే బాగుందనిపిస్తుంది.

లెక్క వేసి చూడండి. మొదటి దాంట్లో ఏ క్షణంలోనైనా ఏజెన్సీ దగ్గర మనకి రావాల్సింది మహా అయితే పది రోజుల పని, అంటే 5,000 పౌండ్లు. రెండో దాంట్లో ఒకటో తారీఖున పనిలో చేరితే మొదటిసారి డబ్బు కళ్లజూసేది తర్వాతి నెలాఖరుకి. అప్పటికి 40 రోజుల పైనే పని అయిపోయి ఉంటుంది, 20,000 పౌండ్లు దాటి బాకీ ఉంటుంది. ఆరు నెలల కాంట్రాక్టులో 125 రోజులు పనిచేస్తే, ఆ 20 పౌండ్ల తేడా వల్ల అదనంగా చేతికొచ్చేది 2,500. దానికోసం 15,000 పౌండ్లకు పైగా వడ్డీ లేకుండా, హామీ లేకుండా ఏజెన్సీకి చేబదులు ఇచ్చినట్టే. ఆ ఏజెన్సీ దివాలా తీస్తే మన బాకీకి ఏ ఆస్తీ పూచీ ఉండదు. ముందు బ్యాంకులకి, ఇతర హక్కుదారులకి పోగా మిగిలితేనే మన వంతు. ఈ రెండింట్లో నేనైతే కళ్లు మూసుకుని మొదటిదే తీసుకోమంటాను.

క్లయింట్ 45, 60 రోజులకి గానీ డబ్బు ఇవ్వకపోయినా కొన్ని ఏజెన్సీలు మనకి వారం వారం ఎలా ఇస్తాయని సందేహం రావచ్చు. చాలా ఏజెన్సీలు తమ ఇన్వాయిస్‌లను చూపించి ఫైనాన్స్ కంపెనీల నుంచి ముందుగానే డబ్బు తెచ్చుకుంటాయి. వాళ్ల మార్జిన్‌లో (మధ్యలో వాళ్లు ఉంచుకునే వాటాలో) ఆ ఖర్చు కూడా కలిసే ఉంటుంది. అందుకే “క్లయింట్ ఇంకా ఇవ్వలేదండీ, మేం మాత్రం ఏం చేస్తాం” అనే మాటని నేను ఒప్పుకోను. ఆ మధ్యలో నిలబడి మోయడానికే కదా వాళ్లు మార్జిన్ తీసుకుంటున్నది.

వ్యాట్ సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. రోజుకి 500 చొప్పున ఏడాదంతా పనిచేస్తే 90,000 పౌండ్ల పరిమితి దాటిపోతుంది, రిజిస్ట్రేషన్ తప్పదు. మామూలు పద్ధతిలో ఇన్వాయిస్ తేదీని బట్టే వ్యాట్ కట్టాలి. ఏజెన్సీ ఇవ్వకపోయినా ఆ 20 శాతం మన జేబులోంచి ముందు పోతుంది. 30 రోజుల గడువుకి ఒప్పుకునేవాళ్లు క్యాష్ అకౌంటింగ్ స్కీమ్ తీసుకుంటే, డబ్బు అందాకే వ్యాట్ కట్టొచ్చు.

ఇక అసలు విషయం, ఆప్ట్ అవుట్. 2003 నాటి ఏజెన్సీ రెగ్యులేషన్స్‌లో 12వ నిబంధన చాలా స్పష్టంగా ఉంది. క్లయింట్ ఇవ్వలేదన్న కారణంతో ఏజెన్సీ మన డబ్బు ఆపకూడదు. టైమ్‌షీట్ మీద క్లయింట్ సంతకం లేదని కూడా ఆపకూడదు. నిజంగా పని జరిగిందో లేదో వేరే విధంగా తేల్చుకోవచ్చు, అంతవరకే. అయితే సొంత లిమిటెడ్ కంపెనీ ద్వారా పనిచేసేవాళ్లు ఈ రక్షణ వద్దని రాసివ్వొచ్చు, దాన్నే ఆప్ట్ అవుట్ అంటారు. కాంట్రాక్టు పత్రాలతో పాటు ఒక పేజీ వస్తుంది, “అందరూ పెట్టేదే, ఫార్మాలిటీ” అంటారు. ఆ సంతకంతో 12వ నిబంధన రక్షణ పోతుంది.

ఇది ఎక్కడ దెబ్బకొడుతుందో చూడండి. శుక్రవారం సాయంత్రం పోర్టల్‌లో టైమ్‌షీట్ పెడతాం. అప్రూవ్ నొక్కాల్సిన మేనేజర్ అప్పటికే సెలవు పెట్టి స్పెయిన్ వెళ్లిపోయి ఉంటాడు, తన బదులు ఎవరినీ పెట్టి ఉండడు. సోమవారం మధ్యాహ్నం కటాఫ్ దాటిపోతుంది. ఆ వారం డబ్బు రాదు, ఇంటి లోన్ మాత్రం ఒకటో తారీఖునే కట్ అవుతుంది. ఆప్ట్ అవుట్ చేయని మనిషికి “పని చేశానని ఈ మెయిల్స్ చూసి నిర్ధారించుకోండి, డబ్బు ఆపొద్దు” అని గట్టిగా అడిగే హక్కుంది. చేసినవాడికి బతిమాలుకోవడమే మిగులుతుంది.

సంతకం పెట్టకపోతే ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్ పడతారు. అలాంటి షరతు పెట్టకూడదని అదే రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. క్లయింట్‌కి మనల్ని పరిచయం చేయడానికి లేదా పనిలో పెట్టడానికి ముందే ఆ నోటీసు ఇచ్చి ఉండాలని కూడా ఉంది. ఒకసారి ఇచ్చాక మనసు మార్చుకుని వెనక్కి తీసుకున్నా, ఆ క్లయింట్ దగ్గర ఆ పని ముగిసేదాకా అది అమల్లోకి రాదు. కాబట్టి ఆప్ట్ అవుట్, ఆప్ట్ ఇన్‌లలో ఏది మేలంటే నా దగ్గర రెండో మాట లేదు, సంతకం పెట్టకండి.

ఒక్క చిక్కుంది. ఈ నిబంధనలు క్లయింట్ అజమాయిషీలో పనిచేసేవాళ్ల కోసం రాసినవి. కాంట్రాక్టర్ నిజానికి ఉద్యోగి లాంటివాడేనా (ఇన్‌సైడ్), కాదా (ఔట్‌సైడ్) అని తేల్చే పన్ను నిబంధన ఐఆర్35 ప్రకారం ఔట్‌సైడ్ అనిపించుకోవాలంటే ఆ అజమాయిషీ లేదనే మనం చూపిస్తాం. కాబట్టి ఔట్‌సైడ్ కాంట్రాక్టు అయితే “క్లయింట్ చెల్లించినా చెల్లించకపోయినా” అనే ముక్కని కాంట్రాక్టులోనే రాయించుకోవాలి.

లిమిటెడ్ కంపెనీయా, అంబ్రెల్లానా (మనల్ని ఉద్యోగిగా పెట్టుకుని, ఏజెన్సీ ఇచ్చే డబ్బులోంచి జీతం ఇచ్చే కంపెనీ) అన్నది చాలాసార్లు మన చేతిలో ఉండదు. 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేటు రంగంలో కూడా పెద్ద, మధ్యస్థాయి క్లయింట్లే ఇన్‌సైడో ఔట్‌సైడో తేలుస్తున్నారు. ఇన్‌సైడ్ అంటే దాదాపుగా అంబ్రెల్లాయే. అక్కడ 500 అంటే 500 కాదు. వారానికి 2,500 పౌండ్లలో అంబ్రెల్లా మార్జిన్ ఓ 25 అనుకుంటే, 2025 ఏప్రిల్ నుంచి 15 శాతమైన ఎంప్లాయర్ నేషనల్ ఇన్సూరెన్స్‌కి సుమారు 309, అప్రెంటిస్‌షిప్ లెవీకి 11 పోతాయి (రెండూ యజమాని కట్టాల్సినవే). జీతంగా మొదలయ్యేది దాదాపు 2,155 నుంచి. హాలిడే పే కూడా అందులోంచే, మన ట్యాక్స్ ఆ తర్వాత. అందుకే ఇన్‌సైడ్ 500కి, ఔట్‌సైడ్ 430కి పోలిక పెట్టేటప్పుడు తొందరపడొద్దు. ఏజెన్సీ ముందుగా ఇవ్వాల్సిన కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్‌లో ఈ కోతలన్నీ వరుసగా ఉంటాయి, అడిగి తీసుకోండి.

అంబ్రెల్లాలో ఇన్వాయిస్, వ్యాట్ గొడవ లేదు. కానీ డబ్బు దారిలో ఇంకో చెయ్యి చేరుతుంది. అంబ్రెల్లా కంపెనీలైన జెయింట్ మీద 2021 సెప్టెంబరులో, పారసోల్ మీద 2022 జనవరిలో సైబర్ దాడులు జరిగినప్పుడు, వాళ్ల ద్వారా పనిచేసేవాళ్లు జీతాల కోసం ఇబ్బంది పడ్డారు. అయినా బ్యాంకులో రెండు నెలల ఖర్చులు కూడా లేకుండా మొదటిసారి వచ్చేవాళ్లకి అంబ్రెల్లాయే నయం అంటాను, అక్కడ మనం ఉద్యోగులం కాబట్టి.

లిమిటెడ్ కంపెనీ వాళ్లకి మరో ఆసరా ఉంది. 1998 లేట్ పేమెంట్ చట్టం ప్రకారం ఆలస్యమైన బాకీకి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ బేస్ రేటుకి మరో 8 శాతం కలిపి వడ్డీ, 10,000 పౌండ్లు దాటిన ఇన్వాయిస్ మీద అదనంగా 100 పౌండ్లు అడగొచ్చు. మొదటి రిమైండర్‌లోనే ఆ చట్టం పేరు మర్యాదగా రాయండి.

రెండో ఆఫర్‌ని పూర్తిగా కాదనను. నాలుగైదు నెలల ఖర్చులు పక్కన ఉండి, కంపెనీస్ హౌస్‌లో (ప్రభుత్వ కంపెనీల రిజిస్టర్‌లో) ఉచితంగా దొరికే ఏజెన్సీ అకౌంట్స్ చూస్తే అప్పుల్లో మునిగినట్టు లేకపోతే తీసుకోవచ్చు. అప్పుడు కూడా రేటు ఇంకో పది పెంచమని అడిగే బదులు, 30 రోజులని 14 చేయమని, సెల్ఫ్ బిల్లింగ్ (మన బదులు ఏజెన్సీయే ఇన్వాయిస్ తయారు చేయడం) పెట్టమని అడగండి. రేటు పెంచడానికి రిక్రూటర్ క్లయింట్‌ని ఒప్పించాలి. గడువు తగ్గించడానికి వాళ్ల ఫైనాన్స్ టీమ్‌ని ఒప్పిస్తే చాలు.