గోడకంటించిన కాగితం నుంచి హ్యూగో దాకా: నాలుగేళ్ల వాడకం

నాలుగేళ్ల కిందటి దాకా మా అథ్లెటిక్స్ మీట్ ఫలితాలంటే గోడకంటించిన కాగితం, దాన్ని ఎవరో ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పడేసిన ఫొటో. ఎండకు మెరిసి సగం టైమింగులు కనపడేవి కావు. నేను అనంతపురంలో పీఈటీని. మీట్ ఎక్కడ జరిగినా రికార్డుల బల్ల నాకే తగులుకుంటుంది. "సార్, మావాడి టైమింగ్ ఎంత?" అనే ఫోన్లు వారం దాకా ఆగేవి కావు. ఆ బాధ పడలేకే హ్యూగో పట్టుకున్నాను.

హ్యూగో ప్రత్యేకంగా ఆటల కోసం చేసింది కాదు. వెబ్‌సైట్లు తయారుచేసే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్, 2013 నుంచి ఉంది. మొత్తం ఒకే ఫైలు, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తిరగొచ్చు. ఎక్సెల్ లాంటి లిబ్రెఆఫీస్ క్యాల్క్‌లో ఫలితాలు ఎక్కించి సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలుగా, సేవ్ చేస్తాను. హ్యూగో దాన్ని పట్టికలుగా మార్చి పేజీలు కడుతుంది, వాటిని వెబ్‌సైట్లను ఉచితంగా ఉంచనిచ్చే గిట్‌హబ్ పేజెస్‌లో పెడతాను. రూపాయి ఖర్చు లేదు. నెట్ లేకపోయినా గ్రౌండ్‌లోనే పేజీ ఎట్లా వచ్చిందో చూసుకోవచ్చు, సాయంత్రం సిగ్నల్ దొరికాక ఎక్కిస్తే సరి. పేజీల్లో అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండవు కాబట్టి పాత ఫోన్లలోనూ టక్కున తెరుచుకుంటాయి. ఈ విషయంలో పదికి పది మార్కులు.

అంకెల దగ్గరే నా పరువు పోయింది. మొదటి ఏడాది అండర్-17 బాలికల షాట్‌పుట్ పేజీ పెట్టిన గంటలో ఒక తండ్రి ఫోన్. "మా పాప ఫస్టొచ్చింది కద సార్, పేరు యాడో అడుగున ఉందే?" చూస్తే నిజమే. 9.80 వేసిన అమ్మాయి పైన, 10.05 వేసిన అమ్మాయి అట్టడుగున. సీఎస్‌వీలోని దూరాలను అంకెలుగా కాక అక్షరాలుగా వరసపెట్టింది. అక్షరాల లెక్కలో 9 ముందు 1 చిన్నదే కదా! వరసపెట్టే పని దానికి అప్పజెప్పిన తప్పు నాదే.

సరే, వరస క్యాల్క్‌లోనే పెడదామనుకుంటే అక్కడ 800 మీటర్లు దెబ్బ కొట్టింది. 2:05 అని కొడితే అది రెండు గంటల ఐదు నిమిషాలనుకుంది. 2:11.4 మాత్రం నిమిషాలుగానే పడింది. ఇంకేముంది, గెలిచినవాడు ఆఖరికి పోయాడు. లాంగ్‌జంప్‌లో 5.30 కొడితే చివరి సున్నా మింగేసి 5.3 చేసింది. స్టాప్‌వాచ్‌తో తీసిన 12.4ను పోనీ 12.40 చేద్దామా అంటే, చుక్క తర్వాత రెండంకెలు చూసి ఫొటోఫినిష్ కెమెరా పెట్టి తీశామనుకుంటారు. ఇప్పుడు ఆ కాలమ్ మొత్తాన్ని ముందే టెక్స్ట్‌గా మార్చేస్తాను, ర్యాంకు నా చేత్తో నేనే వేస్తాను. ఎట్లాగూ లాంగ్‌జంప్‌లో సమానమైతే రెండో మంచి దూకుడు చూడాలి, హైజంప్‌లో ఫెయిల్యూర్లు లెక్కబెట్టాలి. అంత తెలివి, పేజీ ఎట్లా కట్టాలో హ్యూగోకు చెప్పడానికి నేను రాసుకున్న ఇరవై లైన్ల టెంప్లేటుకు ఎక్కడిది?

పేజీకి తెలుగులో పేరు పెడితే మురిపెంగానే ఉంటుంది. ఆ లింకు వాట్సాప్‌లో పంపితే మాత్రం శాతం గుర్తులతో మూరెడు పొడుగు తోక వస్తుంది. లింకుకు ఇంగ్లీషు అక్షరాలే పెట్టుకోండి, శీర్షిక తెలుగులో ఉంచండి.

అసలు జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది. ఒకసారి ఎంట్రీల షీటు ఉన్నదున్నట్టు ఎక్కించేశాను, పిల్లల పుట్టినతేదీలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లతో సహా. అది పేజీలో కనపడదు, కానీ గిట్‌హబ్‌లో తెరిచే ఉంటుంది. మర్నాడు తీసేసినా పాత మార్పుల చరిత్రలో అట్లాగే కూర్చుంది. చివరికి మొత్తం తీసిపారేసి మొదటి నుంచి కట్టాను. చెస్ట్ నంబర్, పేరు, బడి, టైమింగ్ లేదా దూరం, ర్యాంకు. ఇవి తప్ప ఇంకో కాలమ్ ఆ ఫోల్డర్ గడప తొక్కకూడదు.

కొత్త వెర్షన్ వచ్చిందని ఆశపడొద్దు. హ్యూగో 0.123 వెర్షన్‌తో, సీఎస్‌వీని చదివే గెట్‌సీఎస్‌వీ అనే పాత ఆదేశాన్ని పక్కనపెట్టారు. నా టెంప్లేటంతా దాని మీదే నడిచేది. మొదట హెచ్చరికలొచ్చాయి, పట్టించుకోలేదు. ఆ తర్వాత ఒకసారి అప్‌డేట్ చేస్తే పేజీలే రాలేదు, అదీ మీట్ ముందురోజు రాత్రి! పెన్‌డ్రైవ్‌లో పాత ఫైలు ఉంది కాబట్టి బతికాను.

ఒక మంచి కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో మా జిల్లా రెండైంది. హిందూపురం, ధర్మవరం, కదిరి శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయాయి. అంతకుముందు కాగితాల్లో ఉన్న ఫలితాలను కూడా ఓపిక చేసుకుని ఎక్కించాను. ఆ ఊళ్ల పిల్లలు వాటిలో అనంతపురం పేరుతోనే ఉన్నారు, మార్చలేదు. ఏ ఏడాది ఫైలు ఆ ఏడాదిదే కాబట్టి కలగాపులగం కాలేదు.

అప్పటికప్పుడు లైవ్‌లో ఫలితాలు కావాలనేవాళ్లకు ఇది పనికిరాదు. రెండు రోజుల మీట్, ఒక ల్యాప్‌టాప్, కూర్చునే మనిషి ఒకడుంటే దీన్ని మించింది నాకు దొరకలేదు. ఈసారి 100 మీటర్ల పట్టికలో గాలి వేగానికి కొత్త కాలమ్ చేర్చాను, సెకనుకు రెండు మీటర్లు దాటితే పక్కన చుక్క పడేట్టు. గాలి కొలిచే పరికరం మాకింకా రాలేదు.