ఫాంటాసియా: బొమ్మ పాట మాట విన్నచోటా, విననిచోటా

డిస్నీ స్టూడియో 1940లో విడుదల చేసిన ఫాంటాసియాలో హీరో లేడు, మొదటి నుంచి చివరి దాకా నడిచే కథా లేదు. ఎనిమిది పాశ్చాత్య శాస్త్రీయ రచనలు, వాటి మీద గీసిన బొమ్మలు, మధ్యమధ్యలో డీమ్స్ టేలర్ అనే సంగీత విమర్శకుడి పరిచయాలు. నిడివి రెండు గంటల పైమాటే. మామూలుగా సినిమా తీశాక దానికి నేపథ్య సంగీతం కూరుస్తారు. ఇక్కడ కండక్టర్ లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ వాద్యబృందం ముందే వాయించి పెట్టింది, బొమ్మలు దాని వెనకాల నడవాలి. నడిచినచోట సినిమా ఇప్పటికీ కొత్తగా ఉంది. నడవనన్నచోట పాతబడింది.

బాగా నడిచింది మిక్కీ మౌస్ ఉన్న ‘సార్సరర్స్ అప్రెంటిస్’. గోథే కవిత ఆధారంగా పాల్ డ్యూకా 1897లో రాసిన రచన ఇది. నీళ్లు మొయ్యమని చీపురుకు మంత్రం వేసిన శిష్యుడికి దాన్ని ఆపే మంత్రం రాదు. బసూన్లు (కింది స్థాయిలో పలికే ఊదుడు వాద్యాలు) ముందు ఒక్కో స్వరాన్ని విడివిడిగా, తడబడుతున్నట్టు పలికిస్తాయి. ఆ తర్వాతే వరస దారిలో పడుతుంది. చీపురు నడక అందుకునేదీ అలాగే. గొడ్డలి దెబ్బల ఘట్టం మరీ గమనించాలి. నరకడం గోడ మీద నీడల్లోనే కనిపిస్తుంది, తర్వాత అంతా నిశ్శబ్దం. అప్పుడు బసూన్ కన్నా కింది స్థాయిలో పలికే కాంట్రాబసూన్ అడుగు నుంచి ఒక్కో స్వరం లేపుతుంటే చెక్కపేళ్లు కదులుతాయి. ఒక్కో వాద్యం వచ్చి కలిసేకొద్దీ చీపుళ్లు బారులు తీరతాయి. డ్యూకా రాసుకున్నదే ఇక్కడ కంటికి కనిపిస్తుంది, పైన అతికించింది ఏమీ లేదు.

‘డాన్స్ ఆఫ్ ది అవర్స్’ వెటకారం. పొంకియెల్లి ఒపెరాలోని బ్యాలేను నిప్పుకోళ్లు, నీటిగుర్రాలు, ఏనుగులు, మొసళ్లు ఆడతాయి. అంత బరువైన నీటిగుర్రం కూడా తాళం తప్పదు, నవ్వు అక్కడే పుడుతుంది. చైకోవ్‌స్కీ ‘నట్‌క్రాకర్’లో పుట్టగొడుగుల నాట్యం నిమిషం పైన కొద్దిగా ఉంటుందేమో, వరస కుదరక వెనకబడే చిట్టి పుట్టగొడుగు కోసమైనా వెనక్కి తిప్పి చూడొచ్చు.

తేలిపోయింది బీథోవెన్ ఆరో సింఫనీ. దాన్ని దాదాపు సగానికి కోసేశారు. ఇది చిత్రలేఖనం కన్నా అనుభూతి వ్యక్తీకరణే ఎక్కువ అని బీథోవెన్ స్వయంగా రాసుకుంటే, సినిమా సరిగ్గా తలకిందులుగా చేసింది: గ్రీకు పురాణాల అశ్వమానవులు, రెక్కల గుర్రాలు, మిఠాయి రంగులు. తుపాను ఘట్టం ఒక్కటే పాటకు తగ్గట్టుంది. నల్లజాతి పాత్రను ఎగతాళిగా గీసిన షాట్లను 1960ల చివర్లో తీసేశారు. ఇప్పటి ప్రతుల్లో కొన్నిచోట్ల ఆ పాత్ర కనబడకుండా ఫ్రేమును దగ్గరికి లాగారు. ఉన్నట్టుండి బొమ్మ గరుకుగా కనిపిస్తే డిస్కు చెడిందని అనుకోకండి.

స్ట్రావిన్‌స్కీ ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ సంగతి మధ్యస్థం. బలి తంతు మీద రాసిన సంగీతాన్ని భూమి పుట్టుకకు, డైనోసార్లకు మళ్లించారు. ముక్కలు కోశారు, వరస మార్చారు, ఆరంభంలోని బసూన్‌ను చివర మళ్లీ తెచ్చారు. స్ట్రావిన్‌స్కీ తర్వాత గట్టిగానే విసుక్కున్నాడు, ఆయన విసుగు న్యాయమే. అయినా అగ్నిపర్వతాలు బద్దలయ్యేచోట తాళం విరుపులూ లావా ఎగదన్నడమూ ఎంత బిగువుగా కలిశాయంటే, ఫిర్యాదు కాసేపు మరిచిపోతాం. మొదట వచ్చే బాఖ్ టొకాటాలో వాద్యకారుల నీడలు, ఆ పైన గీతలూ రంగులూ తప్ప మరేమీ లేవు. పిల్లలు జారుకునేది ఇక్కడే. ముసోర్గ్‌స్కీ ‘నైట్ ఆన్ బాల్డ్ మౌంటెన్’లో గుడిగంట మోగగానే కొండంత భూతం ముడుచుకుపోవడం, అక్కడి నుంచి షూబర్ట్ ‘ఆవే మరియా’లోకి జారడం మాత్రం కదలకుండా చూడాల్సిన ఘట్టం.

ఇక శబ్దం. దీనికోసం ఫాంటసౌండ్ అనే పద్ధతే కనిపెట్టారు: బొమ్మతో పాటు విడిగా ఇంకో ఫిల్ము నడుస్తుంది, అందులో మూడు శబ్ద ట్రాకులు, హెచ్చుతగ్గులను నడిపించే నాలుగోది. ఆ యంత్రాలు ఖరీదు కావడంతో కొద్ది థియేటర్లకే చేరాయి. పాత ఫిల్ము పాడవుతోందని 1955లో శబ్దాన్ని టెలిఫోన్ తీగల మీదుగా పంపి మాగ్నెటిక్ టేపు మీదికి ఎక్కించారు. దాంతో పైస్థాయి స్వరాల మెరుపు కొంత పోయింది. అందుకే ట్రెబుల్ పెంచితే వయొలిన్లు తేటపడవు, బుసే పెరుగుతుంది. సౌండ్‌బార్‌లో నైట్ మోడ్, డైలాగ్ మోడ్ కట్టేయండి. అవి మెల్లని చోటును పెంచి గట్టి చోటును నొక్కేస్తాయి, గొడ్డలి తర్వాతి నిశ్శబ్దం కాస్తా దెబ్బతింటుంది. వాల్యూమ్‌ను టేలర్ మాటకు సరిపెట్టకండి, వాద్యబృందం గట్టిగా వాయించేచోటికి సరిపెట్టండి. టీవీలో జూమ్ కూడా వద్దు: ఇది దాదాపు చదరపు ఫ్రేము, అటూ ఇటూ నల్ల పట్టీలు ఉండాల్సిందే.

ఏ ప్రతి అన్నది కూడా చూసుకోవాలి. 1982 విడుదలలో స్టొకోవ్‌స్కీ రికార్డును తీసేసి ఇర్విన్ కోస్టల్ అనే కండక్టర్ చేత కొత్తగా వాయింపించారు. శబ్దం శుభ్రంగా ఉంటుంది కానీ బొమ్మలు గీసింది ఆ వాయింపుకు కాదు. 1990 నుంచి మళ్లీ పాతదే. 2000లో పూర్తి నిడివి ప్రతి కూర్చినప్పుడు టేలర్ గొంతు రికార్డు వాడుకోదగ్గ స్థితిలో లేక, పరిచయాలన్నీ కోరీ బర్టన్ అనే డబ్బింగ్ కళాకారుడి చేత చెప్పించారు. పెదవులకూ మాటకూ అక్కడక్కడ పొసగదు. సంగీతం మటుకు స్టొకోవ్‌స్కీదే కాబట్టి తీసుకోవాల్సింది ఈ ప్రతే.

కొత్తవాళ్లు వరసగా చూడక్కర్లేదు. మిక్కీతో మొదలుపెట్టి, నట్‌క్రాకర్, డాన్స్ ఆఫ్ ది అవర్స్ చూసి, ముసోర్గ్‌స్కీతో ఆ పూటకు ఆపండి. బాఖ్, స్ట్రావిన్‌స్కీ మరో రోజు. బీథోవెన్‌ను ముందు బొమ్మ లేకుండా పూర్తిగా విని, ఆ తర్వాత సినిమాలో చూస్తే ఎక్కడ కత్తెర పడిందో చెవికే తెలుస్తుంది.

తర్వాత వచ్చిన ఫాంటాసియా 2000 గంటంపావు మాత్రమే, మిక్కీ భాగం అందులోనూ ఉంది. సెలబ్రిటీల పరిచయాలు దాటేయొచ్చు. గెర్ష్విన్ ‘రాప్సొడీ ఇన్ బ్లూ’ను మాత్రం దాటేయకండి: క్లారినెట్ మొదటి జారుడుతో పాటే ఒక గీత సాగుతుంది, చూస్తుండగానే ఆ గీత న్యూయార్క్ నగరం అయిపోతుంది.