సెకండ్ హ్యాండ్ పికప్ కొనేవాళ్లు డబ్బిచ్చే ముందు బండి కిందికి దూరండి

విజయనగరం వైపు సెకండ్ హ్యాండ్ పికప్ కోసం తిరుగుతున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. పేర్లు రాయను, గొడవలు నాకొద్దు, జరిగింది మాత్రం జరిగినట్టు చెప్తాను.

మాది ఉద్దానం. 2018లో తిత్లీ తుఫానుకి మా కొబ్బరి చెట్లు సగానికి పైగా పడిపోయిన దగ్గర్నుంచి తోట మీద బతకడం కష్టమైపోయింది, అందుకని ఒక పికప్ కొని పలాస నుంచి జీడిపప్పు, కాయలున్నప్పుడు కొబ్బరి, కిరాయికి తోలుకుందామని నేనూ మా బావా అనుకున్నాం. విజయనగరంలో ఒక బ్రోకర్ దగ్గర 2019 మోడల్ దొరికింది. స్టీరింగ్ సంగతేంటని అడిగితే ఆయనే ముందు చక్రం వెనక టార్చి కొట్టి చూపించాడు, "చూసుకో తమ్ముడూ, టై రాడ్ ఎండ్లు నెల కిందటే మార్పించాను" అని. టై రాడ్ ఎండ్లంటే స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పే రాడ్ల చివర జాయింట్లు. నిజంగానే వాటి మీద తొడిగే రబ్బరు బూట్లు నిగనిగలాడుతున్నాయి, రాడ్లకి నల్లరంగు కొట్టి ఉంది. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా ఉంది కదా అని ధైర్యం. ఎనిమిదేళ్లు దాటని రవాణా బండికి ఎఫ్‌సీ రెండేళ్లకోసారే, మా బండికి చేయించి అప్పటికే ఏడాదిన్నర అయింది, అంటే ఆ కాగితం చెప్పేది ఏడాదిన్నర నాటి బండి గురించి. ఈ తెలివి అప్పుడు లేదు.

రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత నరసన్నపేట దాటి హైవే మీద అరవైకి వెళ్తే స్టీరింగ్ వణుకు, బండి ఎడమకి లాగడం. అలైన్‌మెంట్ తప్పింది, అంటే చక్రాలు ఉండాల్సిన కోణంలో లేవు అనుకుని ఒక షాపుకి తీసుకెళ్లాం. 700 తీసుకుని, కంప్యూటర్‌లో అంకెలన్నీ పచ్చగా చూపించి పంపించారు. నాలుగు రోజులకి మళ్లీ అదే కథ. మళ్లీ వెళ్తే మళ్లీ 700. చక్రం పట్టుకుని ఊపి చూసినవాడు ఒక్కడు లేడు! జాయింటు లూజుగా ఉన్న బండికి అలైన్‌మెంట్ చేస్తే నిలబడదు, ఆ విషయం రోజూ అదే పని చేసేవాడికి తెలియదంటే నేను నమ్మను. ఈలోగా ఎడమ ముందు టైరు లోపలి అంచు తినేసింది. దాని మీద అరచెయ్యి ఒకవైపు నుంచి రాస్తే నున్నగా ఉండేది, అటునుంచి ఇటు రాస్తే రంపం పళ్లలా గీసుకునేది.

చివరికి టెక్కలిలో బావకి తెలిసిన ఒక పాతకాలం మెకానిక్ దగ్గర ఆపాం. ఆయన ముందు జాకీ కూడా అడగలేదు. హ్యాండ్ బ్రేక్ వేయించి, ఇంజిన్ ఆన్‌లో పెట్టించి, బావని స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం కొంచెంగా ఆడించమని, నన్ను కింద పడుకోబెట్టి నా చెయ్యి తీసుకెళ్లి జాయింటు మీద పెట్టాడు. టక్. టక్. కంటికి ఏమీ కనబడదు, వేళ్లకి తెలిసిపోతోంది. విప్పి బూటు లాగితే లోపల గ్రీజు కొత్తదే, జాయింటులో ఉండే బాల్ మాత్రం ఒకవైపు అరిగి, గుంటలో గింజలా గలగల్లాడుతోంది. "కొత్తది కాదు బాబూ, పాతదానికి కొత్త సొక్కా తొడిగీసినారు" అన్నాడు. నాకు చెమటలు పట్టింది దానికి కాదు. నట్టు ఊడకుండా స్ప్లిట్ పిన్ ఉండాల్సిన చోట ఇంటి స్లాబు ఊచలకి కట్టే తీగ మెలితిప్పి ఉంది. అది తెగి నట్టు ఊడితే ఇక ఆ చక్రం స్టీరింగ్ మాట వినదు. దాంతోనే నెల రోజులు మడపాం దగ్గర వంశధార వంతెన మీద లోడుతో తిరిగాం.

రెండు వైపులా ఎండ్లు మార్పించాం. పాతదాన్ని సుత్తితో బాదకుండా పుల్లర్‌తో లాగాడు, ఎన్ని చుట్లకి ఊడిందో లెక్కపెట్టి కొత్తది అన్నే చుట్లు ఎక్కించాడు, పిన్ను కన్నం కలవకపోతే నట్టు ఇంకొంచెం బిగించాడే గానీ వెనక్కి తిప్పలేదు. అలైన్‌మెంట్ ఆ తర్వాతే. టైరుతో కలిపి 11,400 వదిలింది.

కాబట్టి టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందు తోడుగా ఒక మనిషిని, ఒక జాకీని తీసుకెళ్లండి. స్టీరింగ్ ఆడిస్తుండగా ప్రతి జాయింటు మీదా చెయ్యి పెట్టి చూడండి. తర్వాత ముందు చక్రం లేపి, బండి కింద స్టాండు పెట్టుకుని, గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని ఊపండి. ఆడితే చాలామటుకు టై రాడ్ వైపు చూడాలి. పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుంటే ఆడుతోందా, అప్పుడు లోపల ఒకర్ని బ్రేకు తొక్కమనండి. ఆట ఆగిపోతే వీల్ బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింటు, అంటే చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపేది. కింద చూడనివ్వకపోతే ఆ బండి వదిలేయండి, ఎంత చవకైనా సరే. కొత్త నల్లరంగు కనబడిన చోట ఇంకాస్త ఎక్కువ చూడండి.

బ్రోకర్‌కి ఫోన్ చేస్తే "చూసుకునే కదా కొన్నారు" అన్నాడు. నిజమే, చూశాం, టార్చి ఆయన చేతిలో ఉంది.

మొన్న ఆదివారం బస్సులో విజయనగరం వెళ్తుంటే మేం బండి కొన్న ఖాళీ స్థలంలోనే ఇంకో రెండు పికప్‌లు కడిగి నిలబెట్టి ఉన్నాయి. ఒకాయన బానెట్ ఎత్తి చూస్తున్నాడు, పక్కన బ్రోకర్ చేతిలో టార్చి. దిగి చెబుదామంటే బస్సు అప్పటికే దాటిపోయింది.