రాలిన ఆకులు: ఊడ్చేయాలా, ఉంచేయాలా? ఏది మేలు?

పెరట్లో చెట్టుంటే పొద్దున ఊడ్చిన చోట సాయంత్రానికి మళ్లీ ఆకులే. ఏం చేయాలన్నది రాలినదేమిటి, పడిందెక్కడ అన్నదాన్ని బట్టి ఉంటుంది. గచ్చు మీద, మెట్ల మీద, పైకప్పు నీళ్లు పోయే గొట్టాల్లో పడితే తీయక తప్పదు. తడిస్తే కాలు జారుతుంది, గొట్టాలు పూడుకుపోతాయి. మట్టి మీద పడిన ఆకును మాత్రం చెత్త అనడమే అన్యాయం.

తగలబెట్టే మాట ముందే వదిలేద్దాం. సగం తడిగా ఉన్న ఆకులు మంట కన్నా పొగే ఎక్కువ ఇస్తాయి, చాలా చోట్ల అది నిషేధం కూడా. సంచుల్లో నింపి బయట పారేస్తే పెరడు వెంటనే శుభ్రపడుతుంది కానీ, చెట్టు నేలలోంచి తీసుకున్న పోషకాలూ వాటితోనే పోతాయి. ఆ తర్వాత అదే చెట్టుకు ఎరువు కొని వేయడం నాకైతే వింతగా ఉంటుంది.

అసలు పోటీ ఆకుల్ని చెట్టు కిందే పరచడానికీ, కంపోస్ట్ చేయడానికీ మధ్యే.

పరచడంలో శ్రమ తక్కువ. 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన వేస్తే నేలలో తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. మొదలుకు ఆనించకుండా జానెడు ఖాళీ వదలాలి, లేకపోతే తేమ పట్టి బెరడు కుళ్లుతుంది. వెడల్పాటి ఆకులు ఒకదానికొకటి అతుక్కుని నీటిని కిందికి దిగనివ్వవు, అందుకే వాటిని ముక్కలు చేసి వేయాలి. పచ్చిక మీద మందంగా వదిలితే ఎండ తగలక గడ్డి చచ్చిపోతుంది. పలచగా ఉంటే గడ్డి కోసే మెషిన్‌ను వాటి మీదుగా తిప్పితే చాలు.

కంపోస్ట్‌కు ఓపిక కావాలి. ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ, నైట్రోజన్ తక్కువ. అందుకే ఉత్త ఆకుల్నే కుప్ప పోస్తే మాగడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు. నైట్రోజన్ ఎక్కువుండే పచ్చగడ్డి, కూరగాయల తొక్కలు కలిపి, తడి ఆరకుండా చూస్తూ, అప్పుడప్పుడు తిరగేస్తే కొన్ని నెలల్లో అయిపోతుంది. మొక్కలు చాలా ఉన్నవాళ్లకు ఈ కష్టం గిట్టుబాటే. ఒక్క చెట్టే ఉంటే పరచడమే మేలంటాను.

మెత్తబడి రాలే పళ్ల సంగతి వేరు. వాటిని పైపైన వదిలితే ఈగలు, కందిరీగలు చేరతాయి. రాలే రోజుల్లో చెట్టు కింద వల పరిచి, రోజూ ఎత్తి, కంపోస్ట్ కుప్ప మధ్యలో పూడ్చాలి. కుప్ప బాగా వేడెక్కకపోతే వాటి గింజలు తర్వాత మొక్కల మధ్య మొలుస్తాయి. తెగులు పట్టిన ఆకుల్ని మాత్రం పరచకూడదు, ఇంటి కంపోస్ట్‌లోనూ వేయకూడదు. పారేయాల్సింది వాటినే.

ఇదంతా ఎందుకని చెట్టు తల నరికిస్తారు కొందరు. నరికిన చోట కొమ్మలు గుబురుగా పుట్టుకొస్తాయి, ఆకులూ మళ్లీ వస్తాయి. పైగా ఆ కొత్త కొమ్మలకు పట్టు తక్కువ, గాలికి త్వరగా విరుగుతాయి.