స్టాఫ్ కార్ కిట్లు: కొన్నేళ్లు షెల్ఫ్‌లో ఉన్నాక ఎలా ఉన్నాయి?

ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసే ట్యాంకుల మోడల్ కిట్లు చేసీ చేసీ, మార్పు కోసం రెండో ప్రపంచ యుద్ధం నాటి స్టాఫ్ కార్ల (సైన్యంలో పెద్ద అధికారులు తిరిగే కార్ల) మీద పడ్డాను. ట్యాంకు మీద అతుకు కనిపిస్తే కాస్త బురద పూసి గట్టెక్కొచ్చు. జనరల్ గారు ఎక్కే కారుకు ఆ వెసులుబాటు లేదు. నున్నటి బాడీ, చుట్టూ అద్దాలు. చెయ్యి ఎక్కడ వణికిందో ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

నా షెల్ఫ్‌లో ఎక్కువ కాలంగా ఉన్నవాటిలో మొదటిది టామియా కంపెనీ 1/48 (అంటే అసలు కారులో 48వ వంతు) ఫోర్డ్ ఫోర్డర్, అమెరికా సైన్యం వాడిన 1942 మోడల్. పూర్తయితే దాదాపు 10 సెంటీమీటర్ల పొడవు. ముక్కలు చక్కగా కూర్చుంటాయి, సందులు పూడ్చే పుట్టీతో పెద్దగా పని పడలేదు. కొత్తవాళ్లు ఇంకేం ఆలోచించకుండా దీంతో మొదలుపెట్టొచ్చు. ఒక్కటే మాట: క్రోమ్ రంగు జోలికి వెళ్లకండి. 1942 ఫిబ్రవరిలో ఫోర్డ్ మామూలు జనం కోసం కార్లు చెయ్యడం ఆపేసింది. సైన్యంలో చేరిన కార్లకు సాధారణంగా బంపర్, గ్రిల్‌తో సహా మెరుపు లేని ఆలివ్ డ్రాబ్ (మట్టి ఆకుపచ్చ) రంగు కొట్టేవారు. గ్రిల్‌కి మెరుపు పెడితే అది పెళ్లికొడుకు కారులా తయారవుతుంది.

రెండోది ఐసీఎం కంపెనీ 1/35 ఓపెల్ అడ్మిరల్, జర్మన్ కారు. అసలు కారు 1937లో వచ్చింది. దాని 3.6 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌నే ఓపెల్ వాళ్ల బ్లిట్జ్ లారీలోనూ పెట్టారు. కిట్‌లో ఇంజిన్ మొత్తం ఉంది కాబట్టి నేను బానెట్ తెరిచే ఉంచాను. వచ్చినవాళ్లంతా ముందు అక్కడే తొంగిచూస్తారు. మూసి ఉంచాలనుకుంటే మాత్రం గ్లూ పెట్టకముందే ముక్కలన్నీ పేర్చి చూసుకోవాలి. జర్మన్ సైన్యం కార్ల రంగు విషయంలో తేదీ ముఖ్యం. 1943 ఫిబ్రవరికి ముందైతే ముదురు బూడిద, ఆ తర్వాతైతే ముదురు పసుపు. నంబర్ ప్లేటు కూడా చూసుకోండి: డబ్ల్యూహెచ్ అంటే పదాతి దళాలున్న ఆర్మీది, డబ్ల్యూఎల్ అంటే వైమానిక దళానిది. ఆర్మీ జనరల్ బొమ్మ పక్కన డబ్ల్యూఎల్ ప్లేటు పెడితే తెలిసినవాళ్లు నవ్వుతారు.

అద్దాలకు సూపర్ గ్లూ వద్దే వద్దు. దాని ఆవిరికి తెల్లటి పొర పట్టేస్తుంది. నేను ఫెవికాల్‌ని అగ్గిపుల్ల చివరతో చుక్కలుగా పెట్టాను. ఆరాక గ్లూ జాడ కనిపించదు, ఇన్నేళ్లకూ ఒక్క అద్దం ఊడలేదు. డీకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తులు) వేసేముందు మెరుపునిచ్చే గ్లాసీ వార్నిష్ కొట్టండి, లేకపోతే అంచుల కింద గాలి చేరి వెండిలా మెరుస్తుంది. మాది విశాఖ. వానాకాలంలో లాకర్ (త్వరగా ఆరే ఘాటైన థిన్నర్‌తో కలిపే రకం) రంగు స్ప్రే చేస్తే గాలిలో తేమకి బాడీ తెల్లబారుతుంది. అందుకే ఆ నెలల్లో అతికించే పనులే పెట్టుకుంటాను.

అసలు తేడా ఏళ్లు గడిచాక టైర్లలో బయటపడింది. ఫోర్డర్ టైర్లు ప్లాస్టిక్‌వి కాబట్టి చెక్కుచెదరలేదు. ఇంకో కంపెనీ కారుకు మెత్తటి వినైల్ టైర్లు వచ్చాయి. చూడ్డానికి అచ్చం రబ్బరే, మొదట్లో తెగ నచ్చాయి. వినైల్‌ని మెత్తగా ఉంచే రసాయనం మెల్లగా బయటికొచ్చి ప్లాస్టిక్ చక్రాన్ని తినేస్తుంది. ఓ రోజు దుమ్ము దులుపుతుంటే రిమ్ము అంచు వేలికి జిగురుగా తగిలింది. టైరు లాగితే దాంతోపాటే కాస్త ఊడొచ్చింది. ఇప్పుడు బాక్స్‌లో వినైల్ టైర్లు కనిపిస్తే వాటిని పక్కన పడేసి, విడిగా అమ్మే రెజిన్ చక్రాలు తెప్పించుకుంటున్నాను. ఖర్చే, కానీ కిట్ ధర లెక్కేసేటప్పుడే అదీ కలుపుకోండి.